నాన్న మాట నాన్ననే అననివ్వండి

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్ళు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పాలకొల్లులో అమ్మా నాన్నా ఇద్దరే ఉంటారు. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడికాలు కొంత తేరుకుంది, కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తున్నారు. కుడిచెయ్యి లేవదు. మాట మాత్రం పోయింది. ఏం అడిగినా ‘అదే... అదే...’ అంటారు. అమ్మ పేరు పలకలేని మనిషి మొన్న కోపంలో ఒక తిట్టు మాత్రం స్పష్టంగా తిట్టారు. అమ్మ ఆ రోజంతా ఏడ్చింది. ఎడమచేత్తో తిననంటారు, అమ్మే కలిపి పెడుతుంది. మంచినీళ్ళు తాగితే పొలమారుతోంది. టీవీ చూస్తూ ఉన్నట్టుండి ఏడుస్తారు. ‘వచ్చేదేదో ఆరు నెలల్లోనే వస్తుంది’ అన్నారు డాక్టరు. నాన్నకి ఇక ఏమీ తెలియదని, బ్యాంకు పుస్తకం, ఏటీఎం కార్డు తన దగ్గర పెట్టుకుంటానని అన్నయ్య అంటున్నాడు. పెద్దమ్మేమో మందులన్నీ ఆపేసి పావురం రక్తంతో మర్దన చేయించమంటోంది. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ నెలకోసారి వెళ్ళొస్తున్నాను. నాన్నకి మాట వస్తుందా? తన పనులు తను చేసుకోగలరా?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీ రెండు ప్రశ్నలకూ వస్తాను. ముందు మీ అన్నయ్య అన్న మాట దగ్గర ఆగాలి. ‘నాన్నకి ఇక ఏమీ తెలియదు’ అన్నది ఆ ఇంట్లో స్థిరపడిపోతే తర్వాత ఏ చికిత్స చేయించినా దాని ఫలితం సగమే. మాట పోవడం వేరు, తెలివి పోవడం వేరు.

నాన్నగారికి కుడిపక్క పడిపోయిందంటే దెబ్బ తగిలింది మెదడు ఎడమవైపు. చాలామందిలో భాష ఉండేదీ అక్కడే. కుడిచెయ్యీ మాటా కలిసి పోవడం అందుకే. దీన్ని అఫేసియా అంటారు. పక్షవాతం తర్వాత నాలుక, పెదవులు బలం తగ్గి మాట ముద్దగా రావడం ఇంకో రకం. అందులో మనిషికి పదం దొరుకుతుంది, నోరు తిరగదు. అఫేసియాలో పదమే దొరకదు. తాళంచెవి ఇంట్లోనే ఎక్కడో పెట్టామని తెలిసీ కనపడక వెతుక్కుంటామే, ఆ అవస్థ ఆయనకి ప్రతి పదానికీ, పొద్దున లేచిన దగ్గర్నుంచీ.

‘అదే’ ఒక్కటే మిగలడం కూడా కొత్త సంగతి కాదు. పారిస్ దగ్గర బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాడు. ఏమడిగినా ‘టాన్, టాన్’ అనేవాడు. అక్కడ అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవారు. అతనికీ కుడిపక్క చచ్చుబడింది. 1861లో పాల్ బ్రోకా అనే వైద్యుడు అతన్ని పరీక్షించి, అంకెలతో చెప్పాల్సిన జవాబులు వేళ్ళతో చూపించగలుగుతున్నాడని రాశాడు. అతను చనిపోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. మాటకి మెదడులో ఒక చోటుందని వైద్యలోకం నమ్మడం అక్కడ మొదలైంది. నాకు మాత్రం ఆ కథలో గుర్తుండిపోయింది ఆ వేళ్ళు. నోట్లోంచి ఒకే మాట వస్తున్న మనిషి లోపల లెక్క కడుతూనే ఉన్నాడు.

ఇక తిట్టు సంగతి. అమ్మగారికి ఇది నెమ్మదిగా, పక్కన కూర్చుని చెప్పండి. ఆలోచించి, పదాలు ఏరుకుని, వాక్యంగా కూర్చి మాట్లాడేది ఒక రకం మాట. అలవాటుగా దానంతటదే దొర్లేది ఇంకో రకం. ఒకట్లు, వారాల పేర్లు, గోవింద నామాలు, చిన్నప్పటి పద్యాలు, పాటలు, ‘అయ్యో’, ‘ఛీ’, తిట్లు... ఇవన్నీ రెండో రకం. అఫేసియా వచ్చిన చాలామందిలో మొదటిది పోయినా రెండోది కొంత మిగులుతుంది. ఆయన అమ్మ పేరు చెప్పలేక తిట్టారంటే ఆమె మీద ప్రేమ తగ్గి తిట్టు మిగిలిందని కాదు. ఆమె పేరు వెతుక్కోవాల్సిన చోట ఉంది, తిట్టు వెతుక్కోనక్కర్లేని చోట ఉంది. అంతే. తిట్టు వచ్చిందంటే గొంతు, నాలుక, పెదవులు బాగానే పనిచేస్తున్నాయనీ తెలుస్తోంది.

ఆ రెండో రకం మాటల్లోంచే మొదలుపెట్టండి. నాన్నగారి విషయంలో మీకొక పెద్ద ఆస్తి ఉంది. ఏళ్ళ తరబడి ఆయన బస్సులో స్టాపుల పేర్లు కేకేశారు. ‘భీమవరం, వీరవాసరం...’ అని మీరు మొదలుపెట్టి ఆగండి. ‘పాలకొల్లు, నరసాపురం’ ఆయన నోట దొర్లవచ్చు. ‘రైట్ రైట్’ రావచ్చు. ఆయనతో డ్యూటీ చేసిన డ్రైవరు ఎవరైనా ఊళ్ళో ఉంటే వారానికి రెండుసార్లు వచ్చి కూర్చోమనండి. ఈ జబ్బు వచ్చినవాళ్ళ ఇళ్ళకి స్నేహితులు రావడం మానేస్తారు, ఏం మాట్లాడాలో తెలియక. రూట్లన్నీ ఇద్దరూ కలిసి నోటితోనే తిరగొచ్చని ఆ డ్రైవరుగారికి చెప్పండి. మొదట్లో ఇద్దరూ కలిసి అనాలి, తర్వాత డ్రైవరుగారు గొంతు తగ్గించాలి, తర్వాత మధ్యలో ఒక ఊరు వదిలేయాలి.

పాట కూడా ఇలాగే పనికొస్తుంది. మాటని రాగంగా సాగదీసి, ఎడమచేత్తో దరువు వేయిస్తూ పలికించే పద్ధతి 1970ల నుంచీ ఉంది. ‘నీ...ళ్ళు కా...వాలి’ అని రెండు స్వరాల్లో, ఒక్కో అక్షరానికి ఆయన ఎడమచేతిని బల్లమీద తడుతూ, ముందు మీరు, తర్వాత ఇద్దరూ, తర్వాత ఆయన. అందరికీ పనిచేయదు. అర్థం బాగా తెలుస్తూ మాట పెగలనివాళ్ళకి, అంటే మీ నాన్నగారిలా కనిపించేవాళ్ళకి, ప్రయత్నించి చూడదగ్గది. కానీ స్టాపుల పేర్లు వచ్చినంత మాత్రాన మాట వచ్చేసిందని అనుకోకండి. అది తలుపు దగ్గరి గడప మాత్రమే. ‘పాలకొల్లు’ నోట్లో ఆడుతున్నప్పుడే ‘మన ఊరు ఏది నాన్నా?’ అని అడిగి, అదే పదాన్ని జవాబుగా రప్పించడం అసలు పని.

ఆగడం గురించి నా తప్పొకటి చెప్పాలి. మాట చికిత్స నేర్చుకుని అదే పని చేస్తున్నదాన్ని. అయినా మా మేనమామకి ఇలా అయినప్పుడు ఇంట్లో అందరికంటే ముందు ఆయన మాట అందుకున్నది నేనే. ఒకసారి నాలుగు రోజుల పాటు ‘గొడుగు, గొడుగు’ అన్నారు. గొడుగు తెచ్చి చేతికిచ్చాను. విసిరేశారు. చిరాకు పెరిగిందని డాక్టరుకి కూడా చెప్పాను. ఐదో రోజు అత్తయ్య ఏం మాట్లాడకుండా ఆయన ఎదురుగా కూర్చుంది. ఆయన చాలాసేపు వెతుక్కుని, చేత్తో పైనుంచి కిందికి నాలుగు మూలలా గీసి చూపించారు. దోమతెర. నాలుగు రాత్రులు దోమలు కుడుతుంటే ఆయన దాని పక్క పదం పట్టుకుని మమ్మల్ని పిలుస్తున్నారు. నేను మొదటిరోజే మనసులో పది లెక్కపెట్టి ఊరుకుని, ‘గొడుగు కాదా? చూపించు మామయ్యా’ అని ఉంటే సరిపోయేది.

అమ్మగారు ఇప్పుడు ఆయన నోరయ్యారు. ఎవరైనా ‘ఎలా ఉన్నారు?’ అని ఆయన్ని అడిగితే ఆమే చెబుతుంటారు. ప్రేమతోనే, నాకు తెలుసు. కానీ ఆమె ఎంత చెబితే ఆయన అంత తగ్గిపోతారు. టీవీ కట్టేసి, ఒక్కరే, ఎదురుగా కూర్చుని, పొట్టి వాక్యంతో అడగాలి. గట్టిగా అరవక్కర్లేదు, చెవులు బాగానే ఉన్నాయి. అడిగాక ఆగాలి. పదం రాకపోతే ముందు చేత్తో చూపించమనాలి. అప్పుడూ కాకపోతే ‘వేడివేడి...’ అని సగం అందించి ఆగాలి, ఆ తర్వాతే ‘కా...’ అని మొదటి అక్షరం, అన్నిటికంటే చివర పూర్తి పదం. ‘ఏం కావాలి?’ కంటే ‘కాఫీయా, మజ్జిగా?’ మేలు, రెండు గ్లాసులూ ఎదురుగా పెట్టి అడిగితే ఇంకా మేలు. అర్థం కాకుండానే అర్థమైనట్టు తల ఊపొద్దు, ఆయనకి వెంటనే తెలిసిపోతుంది. చుట్టాలు వచ్చినప్పుడు పెన్ను చూపించి ‘ఇదేంటో చెప్పు నాన్నా’ అని పరీక్ష పెట్టించకండి. అరవై ఏళ్ళ మనిషికి నలుగురి ముందు అంతకంటే చిన్నతనం ఉండదు.

పలకా బలపం కొనిస్తే రాసి చూపిస్తారని చాలామంది అనుకుంటారు. పాపం, రాయలేక ఆయన పలక పక్కన పెట్టేస్తే అదీ తెలివితక్కువ కింద లెక్కేస్తారు. అఫేసియా నోటిది కాదు, భాషది. చదవడం, రాయడం కూడా ఎంతోకొంత దెబ్బతింటాయి. బొమ్మలు, ఫొటోలు తేలిక. ఆయన ఫోనులోనే ఒక ఆల్బం చేయండి: మందుల షాపు, బాత్రూం, ఫ్యాను, మీరందరూ, టీ కొట్టు, గుడి, నొప్పి చూపించడానికి ఒంటి బొమ్మ. వాడుతున్నకొద్దీ ఏ ఫొటో చేర్చాలో ఆయనే చెబుతారు.

‘అవును, కాదు’ల దగ్గర జాగ్రత్త. ఈ జబ్బులో లోపల కాదనుకుంటూ పైకి అవుననేయడం మామూలే. ముఖ్యమైనదాన్ని తిప్పి అడగండి. ‘డబ్బు తియ్యాలా?’, కాసేపాగి ‘తియ్యొద్దా?’ రెండింటికీ అవునంటే ఇంకా తేలలేదన్నమాట. బొటనవేలు పైకి, కిందికి చూపించడం మాటకంటే నమ్మకంగా ఉండొచ్చు. మాట రానివాళ్ళందరికీ అన్నీ అర్థమవుతాయని కూడా నేను అనను. పొడుగు వాక్యాలు, ‘రాముణ్ణి కొట్టిన కృష్ణుణ్ణి’ లాంటి మెలికలు చాలామందికి జారిపోతాయి. ఎంత అర్థమవుతోందో స్పీచ్ థెరపిస్టు పరీక్ష పెట్టి తేల్చాలి.

ఆ మనిషిని వెతకడమే ఈ నెల మీ మొదటి పని. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైనవాళ్ళనే చూడండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ వాక్ శ్రవణ వైకల్య సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. పాలకొల్లు నుంచి తరచు వెళ్ళడం కష్టం కాబట్టి ఒకసారి నేరుగా చూపించి, తర్వాత వీడియో కాల్‌లో కొనసాగించేవాళ్ళని అడగండి. థెరపిస్టుకి తెలుగు రావాలి, ఇందులో రాజీ పడొద్దు. మన క్రియ చివరనే ఎవరు, ఎప్పుడు అన్నవన్నీ ఉంటాయి. ‘తిన్నాను’, ‘తిన్నాడు’, ‘తింటాను’ తేడాలు వినపడనివాళ్ళు ఆయన ఎక్కడ తడబడుతున్నారో పట్టలేరు.

ఆరు నెలల గడువు గురించి: మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా ఉంటుంది, తర్వాత నెమ్మదిస్తుంది. నెమ్మదించడాన్ని ఆగిపోవడం అనుకోవడమే పొరపాటు. జర్మనీలో పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటిన 150 మందికి పైగా అఫేసియా రోగులకి వారానికి కనీసం 10 గంటల చొప్పున మూడు వారాలు మాట చికిత్స ఇస్తే రోజువారీ మాట మెరుగుపడింది. ఆ ఫలితాలు 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. అక్కడ పనిచేసింది గంటలు. వారానికొక అరగంట పోయి వస్తే చాలదు, మిగతా గంటలు ఇంట్లోనే జరగాలి. అందుకే ఆ డ్రైవరుగారు, ఆ ఫొటోలు, ఆ ఆగడం. మాట పూర్తిగా మునుపటిలా వస్తుందా అంటే, ఇంత పెద్ద దెబ్బ తర్వాత అలా రావడం తక్కువ. నేను మీకు దాచను. కానీ ‘అదే’ నుంచి ఇరవై పదాలు, ఇరవై నుంచి చిన్న వాక్యాలు, వాటితో కొట్టుకెళ్ళి టీ తాగి రావడం, ఇది నేను చాలాసార్లు చూశాను.

మాట రాకుండా కూడా మనిషి మనిషిగా ఉంటాడనడానికి స్వీడన్ కవి టొమాస్ ట్రాన్‌స్ట్రోమర్ నాకు తరచు గుర్తొస్తారు. 1990లో ఆయనకీ పక్షవాతం వచ్చి మాట చాలావరకు పోయింది, కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తో పియానో వాయించుకున్నారు, ఆ తర్వాత కూడా కవితా సంపుటాలు తెచ్చారు. 2011లో నోబెల్ తీసుకున్నారు.

ఎడమచెయ్యి అన్నాను కాబట్టి అన్నం దగ్గరికి వద్దాం. ఎడమచేత్తో తినకూడదన్న పట్టింపు మన ఇళ్ళల్లో ఎంత లోతుగా ఉంటుందో నాకు తెలుసు. చిన్నప్పుడు ఎడమచెయ్యి పెడితే దెబ్బలు తిన్నవాళ్ళం. అమ్మ ముద్ద పెట్టడమే గౌరవం అనిపిస్తుంది ఆయనకి. దీనికి వాదన పనిచేయదు. లోతుగా అంచు ఉన్న స్టీలు పళ్ళెం, జారకుండా కింద తడిగుడ్డ, చేతికి స్పూను. ఎడమచెయ్యి మెతుకు ముట్టనక్కర్లేదు. కుడిచెయ్యి ఒళ్ళో వేలాడకుండా బల్లమీద, పళ్ళెం పక్కనే ఉండాలి. అమ్మగారు అదే సమయానికి ఎదురుగా కూర్చుని తనూ తినాలి, ఆయన వైపు చూస్తూ కాకుండా. మొదటి వారం సగం అన్నం బల్లమీద పడుతుంది. పడనివ్వండి.

పొలమారడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఎవరో తలుచుకుంటున్నారని నెత్తిమీద తట్టి ఊరుకునేది కాదిది. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. కొందరిలో దగ్గు కూడా రాకుండానే పోతాయి. మింగడాన్ని పరీక్షించేదీ స్పీచ్ థెరపిస్టే. ఈలోగా నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చిన్న గుక్కలు, ఒక ముద్ద పూర్తిగా దిగాకే ఇంకోటి, తిన్నాక అరగంట పడుకోకుండా. పల్చటి నీళ్ళకంటే చిక్కటి రాగిజావ తేలిగ్గా దిగుతుంది చాలామందికి. తాగాక గొంతు గరగరలాడినా, కారణం లేకుండా జ్వరం వచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి.

బట్టల దగ్గర ఒకటే సూత్రం: చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడిచెయ్యి, విప్పేటప్పుడు చివర కుడిచెయ్యి. లుంగీ కంటే ఎలాస్టిక్ ప్యాంటు మేలు. లేపడానికి కుడిచెయ్యి పట్టుకుని లాగడం ఇవాళే మానేయండి, పట్టులేని భుజం కీలు జారిపోతుంది. దూలానికి తాడు, కప్పీ కట్టి ఆ చేతిని పైకి లాగించడం కూడా అంతే. బాత్రూంలో గోడకి పట్టుకునే కడ్డీ, కుర్చీ పెట్టించండి. మిగతాది ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి, నా పరిధి కాదు.

బ్యాంకు. పుస్తకం, కార్డు ఆయన దగ్గరే ఉంచండి. సంతకం చేయలేని ఖాతాదారు వేలిముద్ర వేస్తే, ఇద్దరు సాక్షులు గుర్తించి, వారిలో ఒకరు బ్యాంకు అధికారి అయితే, డబ్బు తీసుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. అమ్మగారి పేరు కూడా ఖాతాలో కలిపించండి, అదీ ఆయనకి కాగితం చూపించి, తిప్పి అడిగి, ఒప్పుకున్నాకే. నోట్లు లెక్కపెట్టే పని ఆయనకే ఇవ్వండి. కండక్టరు చేతులవి, ఒకటి ఇంకా ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అఫేసియా వల్ల శాశ్వతంగా మిగిలిన లోపం మాట, భాషా వైకల్యం కిందికి వస్తుంది. వైకల్య ధ్రువపత్రం కోసం వెళ్ళే సదరం శిబిరంలో చెయ్యి, కాలు మాత్రమే కాక దీన్ని కూడా చూడమని అడగండి.

మీ అన్నయ్య చెడ్డవాడని నేననుకోవడం లేదు. నాన్న మాట్లాడకపోతే భయమేసి, పనికొచ్చే పనేదో చేయాలనుకుంటున్నాడు. ఆయన ఎదురుగా, ఆయన లేనట్టు మాట్లాడడం ఒక్కటి మానమనండి.

పావురం రక్తం వద్దు. అది మెదడులో మూసుకున్న నాళాన్ని ఏమీ చేయదు. అంతకంటే ప్రమాదం, దాని కోసం మందులు ఆపేయడం. బీపీ, షుగర్, రక్తం గడ్డకట్టకుండా ఉండే మాత్రలు డాక్టరు చెప్పకుండా ఒక్కరోజు ఆపినా రెండో పక్షవాతానికి దారి వదిలినట్టే. మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, చూపు మసకేసినా, నడక తూలినా తెల్లారేదాకా ఆగకుండా 108. గడ్డ కరిగించే ఇంజెక్షను మొదటి నాలుగున్నర గంటల్లోనే.

టీవీ ముందు ఏడుపు రెండు రకాలుగా ఉండొచ్చు. చిన్నదానికే ఏడుపో నవ్వో పొంగి, నిమిషంలో ఆగిపోతే అది మెదడు దెబ్బలో భాగం. మాట మార్చేస్తే చాలు. తిండి, నిద్ర తగ్గి, వ్యాయామం వద్దని గోడవైపు తిరిగి పడుకుంటుంటే అది దిగులు జబ్బు (డిప్రెషన్). పక్షవాతం వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందికి వస్తుంది, మందుంది. డాక్టరుకి విడిగా చెప్పండి. అలాగే అమ్మగారికి రోజూ సాయంత్రం ఒక గంట ఇంటి బయట ఉండే ఏర్పాటు చేయండి. ఆ గంట ఆయన ఇంకొకరితో, ఆమె నోటి సాయం లేకుండా గడపాలి.

మీరు నెలకోసారి వెళ్తున్నారు కదా. ఈసారి ఒక డబ్బా నిండా చిల్లర, ఒక లావు పెన్ను పట్టుకెళ్ళండి. చిల్లర లెక్కపెట్టడానికి. పెన్ను ఎడమచేత్తో సంతకం నేర్చుకోవడానికి. రోజుకి పదిసార్లు. రెండు నెలల తర్వాత నాకు మళ్ళీ రాయండి. ఉత్తరం కింద ఆయన్ని సంతకం పెట్టమనండి.